చీజ్ ఎరుగని ఇంట్లో మాకరోనీ డబ్బా

మా అక్క కొడుక్కి పాలు పడవు. ఈ మాట అనగానే చాలామంది కడుపు ఉబ్బరమో, అజీర్తో అనుకుంటారు. అది పాలలోని చక్కెర అరగని వాళ్లకు వచ్చే బాధ. వీడిది వేరు. పాలలోని మాంసకృత్తులు, కేసీన్ లాంటివి, ఏ కాస్త లోపలికి వెళ్లినా పెదవులు వాస్తాయి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, ఒక్కోసారి ఊపిరాడదు. వాడు ఎక్కడికి వెళ్లినా, అలాంటప్పుడు వెంటనే పొడవాల్సిన ఎపినెఫ్రిన్ మందు సూది ఉన్న చిన్న సంచి వెంట ఉండాల్సిందే. డాలస్‌లో వాడి బడిలో ఆయాతో సహా అందరికీ ఈ సంగతి తెలుసట. నల్లగొండలో మా చుట్టాలకు మాత్రం ఎంత చెప్పినా తలకెక్కదు. "పాలు వద్దులే, ఒక్క చెంచా నెయ్యి వేస్తే ఏమవుతుంది? పిల్లాడు ఎంత బక్కగా ఉన్నాడో" అంటారు. వెన్న కాచినప్పుడు అందులోని మాంసకృత్తులు చాలావరకు గసిగా అడుగుకు దిగిపోయే మాట నిజమే గానీ, పూర్తిగా పోవు. ఇది చెప్పీ చెప్పీ అక్క నోరు నొప్పి పుట్టింది.

ఈ వేసవిలో వాళ్లు వచ్చినప్పుడు ఒక పెట్టె నిండా అట్ట డబ్బాలే దిగాయి. చీజ్ మాకరోనీ, అందులోనూ పాలు లేని వేగన్ రకం. కొత్త చోట పిల్లాడు మొండికేసి ఏదీ తినకపోయినా ఇది మాత్రం కాదనడట. నేను మొదట వాటిని పట్టించుకోలేదు. ఇంట్లో పప్పు ఉంది, పచ్చిపులుసు ఉంది, జొన్నరొట్టె ఉంది. వీటిలో దేనికీ పాలతో పని లేదు. మన వంటల్లో పాలు తగలనివి ఎన్ని ఉన్నాయో వాడు వచ్చాకే గమనించాం. పచ్చిపులుసన్నం వాడికి నచ్చింది కూడా. కానీ రోహిణి కార్తె ఎండ, రోళ్లు పగిలే ఎండ. కొన్నాళ్లకే వాడు నీరసపడి అన్నం కంచం చూస్తే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే అక్కా బావా యాదగిరిగుట్ట దర్శనానికి బయలుదేరారు. ఎండలో పిల్లాడు ఎందుకని మా దగ్గరే వదిలారు. డబ్బా వండే పని నా మీద పడింది.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలు చెబుతాను. పిజ్జా మీద సాగే తెల్లటి మొజరెల్లా హైదరాబాద్‌లో ఎప్పుడో తిన్నాను గానీ, అమెరికా వాళ్లు మాకరోనీలో కలుపుకునే చెడ్డార్ చీజ్ రుచి నాకు తెలియదు. అమ్మకూ నాన్నకూ ఏ చీజూ తెలియదు. ఇక పిల్లాడికి తెలిసే అవకాశమే లేదు. చీజ్ లేకుండానే చీజ్‌లా ఉండేందుకు తయారుచేసిన తిండి మీద తీర్పు చెప్పాల్సిన మా నలుగురిలో ఒక్కరికీ అసలు సంగతి తెలియదన్న మాట.

వండే ముందు అట్ట మీది రాతలన్నీ చదివాను. నా కంటే ముందే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆరోజు శనివారం. "పచ్చ చుక్క లేదేమే? ఇందులో గుడ్డో మరొకటో ఉందేమో" అంది. శాకాహారమైతే ప్యాకెట్ మీద ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క వేయాలన్నది మన దేశపు నియమం. అమెరికాలో అలాంటిది లేదు. వేగన్ అంటే మాంసం, గుడ్డే కాదు, పాలు, నెయ్యి, తేనె కూడా ఉండవని చెప్పాను. "అయితే మన మడి కంటే ఎక్కువే" అంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. చీజ్ కోసం పాలను విరిచే రెన్నెట్‌ను పూర్వం నుంచీ దూడ పొట్టలోంచి తీసేవారు, ఇప్పటికీ కొన్ని విదేశీ చీజులకు అదే వాడతారు. శనివారం నియమానికి అసలు చీజ్ కంటే ఈ డబ్బానే నయం. దూడ సంగతి విన్నప్పటి నుంచి అమ్మ పిజ్జా అన్న మాట వినబడినా చెవులు మూసుకుంటోంది.

డబ్బాలు అయిపోతే ఇక్కడ ఏమైనా దొరుకుతుందేమోనని ప్రకాశం బజారు, హైదరాబాద్ రోడ్డు తిరిగి వచ్చాను. 2022లో మన దగ్గర కూడా వేగన్ ఆహారానికి విడిగా నిబంధనలు వచ్చాయి; ఇంగ్లీషు వీ అక్షరం మీద చిన్న ఆకు ఉన్న ఆకుపచ్చ గుర్తు దానికి. ఆ గుర్తున్న మాకరోనీ మాత్రం నాకు కనబడలేదు. పొడి పొట్లంతో వచ్చే పాస్తా రకాలు బోలెడున్నాయి. చీజ్ అని రాసి ఉన్నవి తిప్పి చూస్తే అన్నిటిలోనూ పాలపొడి, అన్నిటి మీదా పచ్చ చుక్క. పాలను శాకాహారంగానే లెక్కించే ఆ చుక్క వల్ల పాలు పడని పిల్లాడికి ఒరిగేదేమీ లేదు.

వేగన్ అన్న మాటనూ పూర్తిగా నమ్మడానికి లేదు. పాలు కలిపే సరుకు తయారైన యంత్రం మీదే ఇదీ తయారైతే ఆనవాళ్లు అంటుకోవచ్చు. అమెరికాలో 2004లో వచ్చిన చట్టం ప్రకారం పాలు, గుడ్డు, వేరుశనగ, గోధుమ, సోయా వంటి ముఖ్యమైన ఎలర్జీ పదార్థాలు కలిపితే వాటి పేర్లు డబ్బా మీద తేటగా రాయాలి. 2023 నుంచి నువ్వులు కూడా అందులో చేరాయి. యంత్రం వల్ల అంటిన ఆనవాళ్ల గురించి హెచ్చరిక రాయడం మాత్రం కంపెనీ ఇష్టం. రాయకపోతే లేనట్టు కాదు. అందుకే అక్క ఒక్కో కంపెనీకి రాసి, అడిగి, జవాబులు తెప్పించుకుని ఈ రకాన్ని ఎంచుకుంది. బరువు లెక్కలు చూసుకునే విమానంలో చీరలు తగ్గించుకుని మరీ అట్ట డబ్బాలు మోసుకొచ్చిందంటే కారణం అదీ.

డబ్బా విప్పితే లోపల రెండే వస్తువులు: వంకర తిరిగిన చిన్న గొట్టాల మాకరోనీ, ఒక పొడి పొట్లం. నారింజ రంగు పొడి, ప్రయాణంలోనో మా ఎండకో ఉండలు కట్టింది. కర్రపెండలం పిండి, చిలగడదుంప పొడి, గుమ్మడి పొడి, ఉప్పు, ఈస్ట్, లాక్టిక్ ఆమ్లం, రంగుకు అన్నాటో గింజల సారం. నేను చదువుతుంటే నాన్న నవ్వారు. "గుమ్మడికాయ, చిలగడదుంప మన సంతలో లేవా? వీటికి డాలస్ దాకా పోవాలా?"

లాక్టిక్ ఆమ్లం దగ్గర నేనూ ఒక క్షణం ఆగాను. పెరుగుకు పులుపునిచ్చేది అదే. కానీ పరిశ్రమల్లో దాన్ని మొక్కజొన్న వంటి పంటల చక్కెరలను పులియబెట్టి తీస్తారు, పాలతో పని లేదు. ఉండలు చిదుపుతూ పొట్లం నాన్న ముక్కు దగ్గర పెట్టాను. "రాత్రి కల్లు పోసి ఉంచిన లొట్టి పొద్దున్నే మూత తీస్తే ఇదే వాసన" అన్నారు వెంటనే. మా పక్క తాటి, ఈత చెట్లున్న ఊళ్లలో పెరిగిన మనిషి, వాసన పట్టడంలో తప్పు పోరు. ఈ పొడిలో వేసే ఈస్ట్, కల్లును పులియబెట్టే ఈస్ట్, రొట్టెను పొంగించే ఈస్ట్ అన్నీ చాలావరకు ఒకే జాతివి: శాకరోమైసిస్ సెరవీసియే. దాన్ని చెరకు మడ్డి వంటి తీపి ద్రవాల మీద పెంచి, వేడితో చంపి, ఆరబెట్టి పొరలుగా చేస్తారు. ప్రాణం పోయిన ఈస్ట్ కనుక పొంగదు, మత్తు రాదు, మిగిలేది రుచి. అందులో గ్లుటామిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. బాగా మాగిన చీజ్‌కూ, పండు టమాటాకూ నోరూరించే గుణం వచ్చేది దాని వల్లనే. పాలు లేకుండా చీజ్ అనిపించడానికి వేగన్ వంటవాళ్లు మొదట పట్టుకునేది ఈ ఈస్ట్‌నే. బి12 విటమిన్ కలిపిన ఈస్ట్ కూడా అమ్ముతారు, ఎందుకంటే పాలు, గుడ్లు, మాంసం మానేసిన వాళ్లకు ఆ విటమిన్ విడిగా అందాలి. ఈస్ట్‌లో అది తనంతట తాను ఉండదు, కలిపితేనే ఉంటుంది.

ఈ డబ్బా పుట్టుక గురించి కూడా కొంత చదివాను. క్రాఫ్ట్ కంపెనీ మాకరోనీనీ చీజ్ పొడినీ ఒక్క అట్ట డబ్బాలో పెట్టి 1937లో అమ్మకం మొదలుపెట్టింది. ఆర్థిక మాంద్యం వదలని రోజులు. పంతొమ్మిది సెంట్లకు నలుగురి భోజనం అన్నారు, జనం ఎగబడి కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో మాంసానికీ పాల సరుకులకూ రేషన్ పెట్టినప్పుడు ఒక కూపన్‌కు రెండు డబ్బాలు వచ్చేవి. ఐస్ పెట్టె అక్కర్లేదు, నెలల తరబడి నిలవ ఉంటుంది, పిల్లలకు కడుపు నిండుతుంది. దాని వెనక ఉన్న జేమ్స్ క్రాఫ్ట్ అంతకు ముందే, 1916లో, పాడవకుండా నిలిచే ప్రాసెస్డ్ చీజ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అంటే డబ్బాలోని పొడి పుట్టుకతోనే అసలు చీజ్‌కు బదులు వచ్చిన సరుకు. 2023లో అదే కంపెనీ నాట్‌కో (NotCo) అనే చిలీ దేశపు సంస్థతో కలిసి పాలు లేని మాకరోనీ డబ్బా కూడా అమెరికాలో తెచ్చింది. చీజ్‌కు నకలు ఆ పొడి, పొడికి నకలు ఈ పొడి. నకలుకు నకలును నల్లగొండ రామగిరిలో గ్యాసు పొయ్యి మీద నిలబెట్టే భాగ్యం నాది.

డబ్బా మీది పద్ధతిలో చిక్కు ఒకటే: మొక్కల నుంచి తీసిన పాలు కొన్ని, వేగన్ వెన్న కొంత కలపాలి. ఇంట్లో అక్క ఓట్స్ పాలు పోస్తుందట. ఇక్కడి దుకాణంలో సోయా పాల పొట్లాలు దొరికాయి గానీ వెనీలా వాసన, పాయసమంత తీపి. ఉప్పటి మాకరోనీలో అవి పోస్తే ఎవరూ ముట్టరు. అప్పుడు గుర్తొచ్చింది పల్లీ సంచి. మా అమ్మ చెల్లెలిది వనపర్తి. ఆ పక్కన యాసంగిలో పల్లీ బాగా పండుతుంది, పంట చేతికొచ్చాక ఒక సంచి మాకు పంపడం ఆమె అలవాటు. పాలు పడని పిల్లల్లో కొందరికి పల్లీలూ పడవు కనుక ముందు అక్కకు ఫోన్ చేశాను. గుట్ట మీద వరసలో నిలబడి ఎత్తింది. "వాడు రోజూ పల్లీ వెన్న రాసుకుని రొట్టె తింటాడే, ఏం భయం లేదు. గిన్నెలు మాత్రం చూసుకో" అంది.

గిన్నెలు చూసుకోవడం అన్నింటికంటే పెద్ద పని అయింది. పాలు కాగని గిన్నె, పెరుగు తగలని గరిటె, నేతి చెయ్యి పడని బొచ్చె మా ఇంట్లో ఎక్కడున్నాయి? గిన్నెలు తోమే పీచుకు కూడా పాల జిడ్డే. చివరికి అటక మీంచి స్టీలు గిన్నె ఒకటి దించాను. ఎవరి పెళ్లికో ఇచ్చిన కానుక, అంచు మీద దంపతుల పేర్లూ తేదీ చెక్కి ఉన్నాయి, మీద అంటించిన కంపెనీ కాగితం ఇంకా ఊడలేదు. ఇన్నేళ్లుగా ఏ శుభకార్యానికో అని దాచిన గిన్నెలో అమెరికా మాకరోనీ ఉడుకుతుందని అమ్మ కలలో కూడా అనుకుని ఉండదు. కొత్త పీచు, కొత్త చెంచా, వడపోతకు ఉతికిన కొత్త తెల్ల గుడ్డ. మిక్సీ గిన్నెల్లో చట్నీ గిన్నె ఒక్కటే మజ్జిగ ఎరుగనిది, దాన్ని వేడి నీళ్లతో రెండు మార్లు కడిగాను.

పల్లీల పాలు తీయడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలంతే. గ్లాసుడు పచ్చి పల్లీలు గోరువెచ్చటి నీళ్లలో మూడు నాలుగు గంటలు నాననిచ్చి, అరచేతుల మధ్య రుద్దితే పొట్టు దానంతట అదే జారిపోతుంది. పిల్లాడికి ఈ పని బాగా నచ్చింది. పొట్టు గాలికి ఎగరదు కనుక నీళ్లు పోసి తేలనిచ్చి వంపేశాం. మూడు గ్లాసుల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా రుబ్బి గుడ్డలో పిండితే చిక్కటి తెల్ల పాలు వచ్చాయి. చూడ్డానికి గేదె పాలే. కానీ అలాగే వాడితే పచ్చి వాసన కొడుతుంది. మంట మీద పెట్టి పది నిమిషాలు కలుపుతూ కాచాలి; కన్ను పక్కకు తిప్పితే మామూలు పాల కంటే వేగంగా పొంగి పొయ్యి మీద పడుతుంది. కాగాక పైన నురగ తీసేశాను. గుడ్డలో మిగిలిన పిప్పిని అమ్మ పారేయనిస్తుందా? బియ్యప్పిండిలో కలిపి, నువ్వులు, పచ్చిమిర్చి వేసి తపాల చెక్క ఒత్తింది. నిజం చెప్పొద్దూ, ఆరోజు ఇంట్లో అందరూ వంకలు పెట్టకుండా తిన్నది ఆ చెక్కనే.

వెన్న సంగతి త్వరగా తేలింది. వేగన్ వెన్నలో గది వేడిమికి గట్టిగా ఉండే కొబ్బరి, పామ్ నూనెల వంటివి కలుపుతారు. కొబ్బరి నూనె కరగడానికి ఇరవై నాలుగు డిగ్రీలు చాలు. మా వంటింట్లో నలభై దాటిన ఎండలో అది నీళ్లలా ఉంటుంది. పైగా కొబ్బరి నూనె సీసా తేగానే "అది తలకు రాసుకునేది కదమ్మా" అన్నారు నాన్న. సరే, పల్లీ నూనె ఒక చెంచా చాలనుకున్నాం.

మాకరోనీ ఉప్పు నీళ్లలో ఎనిమిది నిమిషాలు ఉడికింది. వడకట్టడానికి జల్లెడలన్నిటికీ పాల చరిత్ర ఉంది, అందుకని గంజి వంచే సిబ్బి గిన్నె మీద అదిమి పట్టి వంచాను. పిల్లాడు పరుగెత్తుకొచ్చాడు. "చిన్నమ్మా, నీళ్లన్నీ పారబోయొద్దు, కొన్ని ఉంచాలి!" గంజి పారబోసే ఇల్లు కాదురా ఇది, అన్నాను. పిండి పదార్థం కలిసిన ఆ నీళ్లే పొడినీ నూనెనూ ఒకదానితో ఒకటి అంటుకునేలా చేసేవి.

ఇక పొడి. సలసల కాగుతున్న పల్లీల పాలలో పొడి వేసి కలపగానే అది సన్నని రవ్వలుగా విరిగిపోయింది. పొడిలో పులుపు ఉంది, పాలలో మాంసకృత్తులు ఉన్నాయి, కింద మంట ఉంది. పాలల్లో నిమ్మకాయ పిండితే ఏం జరుగుతుందో ఇక్కడా అదే. పాల కేసీన్ ఒక్కదానికే ఈ గుణం అనుకోనక్కర్లేదు, సోయాకూ పల్లీకీ ఉంది. సోయా పాలను విరిచి టోఫు చేసేది అలాగే. తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించదగ్గ ప్రయోగం, కాకపోతే ఆకలితో నిలబడ్డ ఎనిమిదేళ్ల వాడి ముందు కాదు. రవ్వల పులుసును పక్కన పెట్టి ఇంకో డబ్బా విప్పాను. ఈసారి మంట ఆర్పాను. పొడిని ముందు రెండు గరిటెల గోరువెచ్చటి గంజిలో ఉండలు లేకుండా కలిపి, మాకరోనీ మీద పోసి, నూనె వేసి, చివర్లో చల్లారిన పల్లీల పాలు కొద్దికొద్దిగా చేర్చాను. నున్నగా, నిగనిగలాడుతూ వచ్చింది. గరిటె ఎత్తితే తీగలా సాగలేదు గానీ బొట్లు బొట్లుగా బరువుగా జారింది. సాగడం కేసీన్ సొత్తు. కర్రపెండలం పిండి చిక్కదనం ఇవ్వగలదు, నోటికి జారుడుతనం ఇవ్వగలదు, కేసీన్ పోగులు అల్లుకున్నట్టు అల్లుకోలేదు.

నలుగురం కూర్చున్నాం. నా నాలుకకు మొదట ఉప్పు తగిలింది, వెంటనే సన్నటి పులుపు, ఆ తర్వాత నాన్న చెప్పిన పులిసిన వాసన, చివర్లో గుమ్మడి తీపి. వీటన్నిటి కిందా పల్లీ. చీజ్ అంటే ఇలాగే ఉంటుందా అని అడిగితే చెప్పగలిగే వాళ్లు బల్ల దగ్గర లేరు. కనుక దేనిలా ఉందన్న బెంగ లేకుండా తిన్నాం. అమ్మ రెండు ముద్దలు తిని, "పల్లీ పులుసు బాగానే ఉంది, కారం ఏది?" అంది. నాన్న అప్పుడే జాడీకెత్తిన కొత్త ఆవకాయ వేసుకుని కలిపారు. నేనూ కలుపుకుని చూశాను. మామిడి ముక్క, ఆవ ఘాటు పడగానే ఆ పొడిలోని పులుపుకు దన్ను దొరికి రుచి లేచి నిలబడింది. ఆవపిండికీ ఈ పొడికీ ఇంత పొత్తు కుదరడం విచిత్రమేమీ కాదట. చీజ్ మాకరోనీలో చిటికెడు ఆవపొడి వేయడం అమెరికా ఇళ్లలో పాత అలవాటే.

ఒక్కడే నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు, పిల్లాడు. నెమ్మదిగా నమిలి, "ఇది అది కాదు" అన్నాడు. ఏది కాదురా? "మా ఇంట్లో చేసేది కాదు. ఇది వేరే." పల్లీ వాసన వాడి నాలుకకు అడ్డం పడుతోంది. పల్లీలంటే ఇష్టమే, కానీ రొట్టె మీద, ఇందులో కాదు.

అప్పుడు తట్టింది నాకు. మేమంతా దీన్ని దేనికో నకలు అనుకుంటున్నాం. వాడికి ఇది నకలు కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాడు తిన్న చీజ్ మాకరోనీ ఇదే. అసలు చీజ్‌ను వాడు ఎన్నడూ తినలేదు, బహుశా తినబోడు. గుమ్మడి పొడి, ఈస్ట్, ఓట్స్ పాలు, ఆ డాలస్ వేగన్ వెన్న, ఇవి కలిస్తే వచ్చే రుచే వాడికి మూలం. నకలు చేస్తున్నది నేను. కంపెనీ వాళ్లు చెడ్డార్ రుచి వెంట పడి ఏళ్లు ఖర్చు పెట్టినట్టు ఇప్పుడు నేను వాడి రుచి వెంట పడాలి. వాళ్లకు లేని సౌకర్యం నాకు ఒకటి ఉంది: సరిచూసి చెప్పేవాడు పక్కనే పీట మీద కూర్చుని ఉన్నాడు.

రాత్రికి వాణ్నే వంటవాణ్ని చేశాను. "ఓట్స్ పాలు ఎలా ఉంటాయి?" అని అడిగితే, "పల్చగా, కొంచెం తియ్యగా, ఏమీ వాసన ఉండదు" అన్నాడు. వాసన లేకపోవడమే కావాలన్న మాట. పల్లీల పాలు ఐదు చెంచాలకు తగ్గించి, మిగతా చోట చిక్కటి గంజి పోశాం. పల్లీ నూనెకు బదులు వాసన లేని పొద్దుతిరుగుడు నూనె. ఒక్కో చెంచాకూ వాడు రుచి చూసి తల అడ్డంగానో నిలువుగానో ఊపాడు. చిటికెడు చక్కెర వేయమన్నది కూడా వాడే. ఓట్స్ పాలు తయారుచేసేటప్పుడు ఎంజైములతో ఆ పిండిని కొంత చక్కెరగా మారుస్తారు, అందుకే వాటికి ఆ తీపి. వాడికి ఎంజైముల సంగతి తెలియదు, నాలుకకు తెలుసు. చివరికి "దగ్గరగా ఉంది" అన్నాడు. అంతకంటే పెద్ద మాట అనలేదు. గిన్నె మాత్రం ఊడ్చి తిన్నాడు.

అక్కా వాళ్లు పులిహోర ప్రసాదంతో, లడ్డూలతో వచ్చారు. లడ్డూ నేతిది, పిల్లాడికి అందకుండా పైన పెట్టేశాం; పులిహోర వాడి వాటాకు వచ్చింది. మా అందరిలో అసలు చీజ్ మాకరోనీ తిని ఎరిగినది అక్క ఒక్కతే. చదువుకునే రోజుల్లో వారమంతా దాని మీదే బతికిందట. ఎప్పుడు దొరుకుతుందా ఈ సాక్షి అని ఎదురుచూస్తున్న నేను, పొద్దున్నది, రాత్రిది రెండూ తన ముందు పెట్టాను. మొదటిది తిని "చీజ్‌కు దీనికీ ఏ చుట్టరికం లేదు గానీ, ఇదే ఎక్కువ బాగుంది" అంది. రెండోది తిని "ఇది మా ఇంటిది" అంది. చీజ్‌తో పోలిస్తే ఎలా ఉందని గుచ్చి గుచ్చి అడిగాను. "వీడు పుట్టాక నేనూ మానేశాను. ఆ రుచి ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు లేదే" అంది.

నా మటుకు నేను చెప్పాలంటే, డబ్బా కొనుక్కుని తినేంత రుచి దానిలో లేదు. అమెరికాలో ఒక్కో డబ్బాకు పెట్టే డాలర్లను రూపాయల్లో లెక్కేస్తే ఆ ఖర్చుకు నల్లగొండలో ఒక పూట ఇంటిల్లిపాదికీ భోజనం పెట్టవచ్చు. మాకరోనీ గోధుమ రవ్వదే, ఇక్కడా దొరుకుతుంది. పొడిలో ఉన్నవాటిలో ఈస్ట్, లాక్టిక్ ఆమ్లం, అన్నాటో తప్ప మిగతావాటి మూలాలన్నీ సంతలోనో, కిరాణా కొట్లోనో ఉన్నవే. కానీ పాలు పడని పిల్లాడున్న ఇంటికి దాని విలువ రుచిలో లేదు. ఎక్కడికి వెళ్లినా పెట్టెలోంచి తీసి, పొయ్యి దొరికితే చాలు, భయపడకుండా పెట్టగల భోజనం అది. అక్క వెళ్తూ మిగిలిన డబ్బాలు మా అటక మీద వదిలి వెళ్లింది, వచ్చేసారికని. మీద రాసిన గడువు చూసి పెట్టాను, ఆలోపే వస్తారు.

ఎవరైనా వండబోతే ఒక సంగతి. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి గడ్డ కడుతుంది. చల్లారిన పిండి పదార్థం నీటిని విడిచి బిగుసుకుపోతుంది. అలాగే వేడి చేస్తే అడుగంటుతుంది, నూనె విడిపోతుంది. రెండు మూడు చెంచాల వేడి నీళ్లు చల్లి, మూత పెట్టి, సన్న మంట మీద మధ్యమధ్య కదుపుతూ ఉంటే మళ్లీ వదులవుతుంది. పల్లీల పాలు మిగిలితే ఫ్రిజ్‌లోనే ఉంచి మర్నాటికల్లా వాడేయాలి. మా ఎండకు బయట పెడితే పూట కూడా ఆగవు.